చక్రమునకు తాళము: కడచీల నుండి రహస్యపు నట్టు వరకు

విశాఖపట్నము నుండి అరకు లోయకు పోవు రోడ్డు శృంగవరపుకోట దాటిన పిదప తూర్పు కనుమలలో ప్రవేశించును. విశాఖకు సుమారు 75 కిలోమీటర్ల దూరమున, ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలములో, ఆ దారి మీదనే టైడా అను చిన్న గ్రామము కలదు. ఒక ప్రక్క కొండ, మరియొక ప్రక్క లోయ, నడుమ మెలికలు తిరిగిన ఘాటురోడ్డు. ఇట్టి చోట కారు టైరు పంక్చరు అయినచో దానిని మార్చుట పెద్ద పని కాదు. జాకీ, పానా, స్టెప్నీ ఉన్న చాలును. కాని ఆ చక్రపు నట్టులలో ఒకటి తాళపు నట్టు అయి, దాని చెవి విరిగినచో, తక్కిన నట్టులన్నియు ఊడినను చక్రము కదలదు. దారిన పోవు లారీ ఆగి, డ్రైవరు తన పానాలన్నియు క్రింద పరచినను వాటిలో ఒక్కటియు దానికి పట్టదు. వాన కురియుచు చీకటి పడుచున్నచో ఆ ప్రయాణికుల అవస్థ ఊహింపవచ్చును.

దొంగకై వేసిన తాళము యజమానినే నిలిపివేయుట వింతగా తోచును. దీనికి కారణము తెలియవలెనన్నచో రెండు చరిత్రలు చదువవలెను. చక్రమును ఇరుసునకు నిలుపు ఉపాయముల చరిత్ర ఒకటి; తాళముల చరిత్ర రెండవది. ఈ రెండును ఒకప్పుడు ఒకే కార్ఖానాలో కలిసినవి. అక్కడినుండి వేర్వేరు దారులు పట్టి, మరల మన కాలమున ఒక చిన్న నట్టులో కలిసికొన్నవి.

కడచీల

ఎద్దుబండి చక్రమును ఇరుసు కొనకు తొడిగి, అది జారిపోకుండ ఇరుసులో తొలిచిన రంధ్రమున ఒక చీలను దిగగొట్టుదురు. దానికే కడచీల యని పేరు. యుద్ధములో దశరథుని రథచక్రపు చీల ఊడిపోగా కైక తన వ్రేలినే చీలగా నుంచి రథమును కాపాడెనను కథ మన పల్లెలలో తెలియనివారు లేరు. అంత పెద్ద రథము అంత చిన్న చీలపై ఆధారపడియున్నదను సత్యము ఆ కథలో నున్నది.

కడచీల చక్రమును నొక్కిపట్టదు. బయటకు పోకుండ అడ్డుపడును, అంతే. బండిచక్రము ఇరుసుపై స్వేచ్ఛగా తిరుగవలెను గనుక ఆ అడ్డు చాలును. చీల విరిగినచో బండివాడు దిగులుపడడు. దారిప్రక్కన తుమ్మకొమ్మను నరికి చెక్కి కొట్టుకొనును; లేదా ఎదురువచ్చిన బండివానిని ఒక మేకు అడుగును. చీలలో రహస్యమేమియు లేదు. అందుచేతనే దానిని ఎవరైనను తీయగలరు, ఎవరైనను పెట్టగలరు.

మోటారుకారు చక్రము సంగతి వేరు. ఇంజను త్రిప్పు బలమును చక్రము గ్రహింపవలెను. బ్రేకు వేసినపుడు నిలుపు బలమును గూడ అదే సహింపవలెను. కావున చక్రము హబ్బునకు గట్టిగ అదిమి ఉండవలెను. ఈ పనికి చీల చాలదు. మర కావలెను.

మర అనగా చుట్టిన వాలుతలము

ఒక కాగితమును లంబకోణ త్రిభుజముగ కత్తిరించి పెన్సిలుకు చుట్టి చూడుడు. త్రిభుజపు ఏటవాలు అంచు పెన్సిలుపై మరవలె చుట్టుకొనును. మర యనగా చుట్టబడిన వాలుతలమే. ఘాటురోడ్డు కూడ అట్టిదే; నిట్టనిలువుగా ఎక్కలేని కొండను చుట్టుచు కొంచెము కొంచెముగా ఎక్కును. ఘాటులో లారీ ఆగినపుడు క్లీనరు దుమికి చక్రము వెనుక పెట్టు చెక్కమొద్దు సైతము వాలుతలమే. ఇవన్నియు ఒక కుటుంబములోనివి.

క్రీస్తుపూర్వము 3వ శతాబ్దమునాటి ఆర్కిమిడీసు పేరుతో నీళ్లు తోడు మర ప్రసిద్ధి చెందినది. రోమనుల కాలమున ఒలీవపండ్ల నుండి నూనె పిండుటకు కొయ్యమరలు వాడిరి. 15వ శతాబ్దములో గుటెన్‌బర్గు అచ్చుయంత్రములో కాగితమును అక్షరములపై అదిమినదియు మరయే. అయితే వస్తువులను ఒకదానికొకటి బిగించు ఇనుప మరలు చాలకాలము చేతితో, ఆకురాయితో చేయబడుచుండెను. అందుచే ఒక బోల్టునకు చేసిన నట్టు మరియొక బోల్టునకు పట్టెడిది కాదు.

ఒకే కార్ఖానాలో తాళము, మర

ఈ స్థితి మారుటకు కారణమైన కార్ఖానా తాళముల కార్ఖానా యగుట విశేషము. లండనులో జోసఫ్ బ్రామా అను యంత్రశిల్పి 1784లో ఒక క్రొత్త తాళమునకు పేటెంటు పొందెను. దానిని తెరచినవానికి 200 గినీల బహుమానమని ప్రకటించి, ఆ తాళమును తన అంగడి కిటికీలో వ్రేలాడదీసెను. అది దశాబ్దముల తరబడి ఎవరికిని లొంగలేదు. చివరకు 1851లో, లండను మహాప్రదర్శన జరిగిన సంవత్సరమున, అమెరికా దేశస్థుడైన ఆల్‌ఫ్రెడ్ హాబ్స్ 16 దినములలో మొత్తము 51 గంటలు శ్రమించి దానిని తెరచెను. చెవి లేక తాళము తీయుట బలముతో గాక ఓర్పుతో జరుగు పనియని ఆనాడే రుజువైనది.

బ్రామా తాళములోని భాగములు మిక్కిలి సున్నితముగా ఉండవలెను. వాటిని చేతితో చేయుట కష్టము. అందుకు తగిన యంత్రములను నిర్మించినవాడు ఆ కార్ఖానాలో 18 ఏండ్ల వయసున చేరిన హెన్రీ మాడ్‌స్లే. జీతము పెంచుమని కోరగా బ్రామా నిరాకరించెను. మాడ్‌స్లే 1797లో వెలుపలికి వచ్చి సొంత కార్ఖానా పెట్టుకొనెను. ఆ సంవత్సరములలోనే ఆతడు మరలు కోయు లేతు యంత్రమును తీర్చిదిద్దెను. మరల నడుమ దూరము ఎల్లెడల సమానముగ వచ్చుట దానివలన సాధ్యమైనది.

మాడ్‌స్లే వద్ద పనిచేసిన యువకులలో జోసఫ్ విట్‌వర్తు ఒకడు. ఆతడు అనేక కార్ఖానాల బోల్టులను సేకరించి, కొలిచి, సగటులు కట్టి 1841లో మరలకు ఒక ప్రమాణమును ప్రతిపాదించెను. ఏ మందపు బోల్టునకు అంగుళమునకు ఎన్ని మరలుండవలెనో, మరల నడుమ కోణము 55 డిగ్రీలు ఉండవలెనని అందు నిర్ణయించెను. అమెరికాలో విలియం సెల్లర్సు 1864లో 60 డిగ్రీల కోణముతో మరియొక ప్రమాణమును ప్రతిపాదించెను. నేటి మెట్రిక్ మరల కోణము గూడ 60 డిగ్రీలే.

ఇది సామాన్యమైన మార్పు కాదు. ఒక ఊరిలో చేసిన నట్టు వేరొక ఊరిలో చేసిన బోల్టునకు పట్టుట, ఒకరి పానా మరియొకరి బండికి పనికివచ్చుట దీని ఫలితమే. ప్రమాణమనగా ముక్కు మొగము తెలియని బాటసారి గూడ మనకు సహాయపడగలడని అర్థము. తాళము దీనికి నేరుగా ఎదురు. ఆ సహాయము దొంగకు అందకుండ చేయుటయే దాని పని.

స్టెప్నీ కథ

తొలినాటి మోటారుకార్ల చక్రములు సులభముగ ఊడునవి కావు. టైరు పగిలినచో దారిలోనే కూర్చుండి దానిని విప్పి అతుకు వేయవలసివచ్చెడిది. వేల్సు దేశములోని లనెల్లీ పట్టణములో స్టెప్నీ వీధిలో నున్న డేవీసు సోదరులు 1904లో ఒక ఉపాయము కనుగొనిరి. గాలి నింపిన టైరు గల, ఆకులు లేని ఒక వలయమును చెడిన చక్రమునకు ప్రక్కగా బిగించి ప్రయాణము సాగించుటయే ఆ ఉపాయము. ఆ వీధి పేరే ఆ వస్తువునకు పేరైనది. నేడు మన డ్రైవర్లు అదనపు చక్రమును స్టెప్నీ యనుట దానివలననే. తరువాత చక్రము మొత్తము నాలుగైదు నట్టులతో ఊడివచ్చునట్లు ఏర్పాటు జరిగినది.

సులభముగ ఊడునది సులభముగ దొంగిలింపబడును. అల్యూమినియము మిశ్రలోహపు అందమైన చక్రములు వచ్చిన పిదప వాటి దొంగతనము పెరిగినది. దానికి విరుగుడుగా ప్రతి చక్రమునకు ఒక నట్టును వింత ఆకారముతో చేసిరి. దాని తలపై ఆరు పలకలకు బదులు వంకరటింకర గాడి ఉండును. ఆ గాడికి సరిపోవు చిన్న ఉక్కు తొడుగే దాని చెవి. చెవిని నట్టుపై ఉంచి, చెవిపై మామూలు పానా పట్టించి త్రిప్పవలెను. కొన్ని నట్టులకు వెలుపల వదులుగా తిరుగు కంటె యొకటి ఉండును. దానిని ఏ పనిముట్టుతో పట్టుకొన్నను కంటె తిరుగును గాని నట్టు తిరుగదు.

బ్రామా తాళపు రహస్యమును, విట్‌వర్తు ప్రమాణపు మరను ఒకే ముక్కలో చేర్చినచో వచ్చినది ఈ నట్టు. లోపలి మర ప్రపంచమంతటికి ఒకటే. వెలుపలి తల మాత్రము ఒక్క యజమానిది.

నట్టు ఏల బిగుసుకొనును?

కారు చక్రపు నట్టులలో తరచుగా కానవచ్చునది 12 మిల్లీమీటర్ల వ్యాసము, 1.5 మిల్లీమీటర్ల మర గలది. అనగా ఒక పూర్తి చుట్టు తిరిగినచో నట్టు 1.5 మిల్లీమీటర్లు ముందుకు పోవును. లెక్క కట్టినచో ఈ మర వాలు సుమారు రెండున్నర డిగ్రీలు మాత్రమే. ఉక్కుపై ఉక్కు జారవలెనన్నచో అంతకన్న చాల ఎక్కువ వాలు కావలెను. అందుచేతనే బిగించిన నట్టు తనంతట తాను వెనుకకు జారదు. దానిని నిలుపునది ఘర్షణ.

ఈ నట్టును సుమారు 110 న్యూటను-మీటర్ల త్రిప్పు బలముతో బిగింతురనుకొనుడు. అనగా ఒక మీటరు పొడవు పానా చివర 11 కిలోగ్రాముల బరువు వ్రేలాడగట్టినంత. అంతమాత్రమునకే బోల్టు రబ్బరువలె సూక్ష్మముగ సాగి, చక్రమును హబ్బునకు దాదాపు 45,000 న్యూటన్ల బలముతో, అనగా నాలుగున్నర టన్నుల బరువుతో సమానముగ అదుమును. విచిత్రమేమనగా, మనము ప్రయోగించు శ్రమలో ఇంచుమించు పదవ వంతే బోల్టును సాగదీయుటకు వినియోగపడును. సగము నట్టు ముఖము క్రింది ఘర్షణకు, తక్కినది మరల మధ్య ఘర్షణకు పోవును.

ఇక త్రుప్పు సంగతి. ఇనుము త్రుప్పుపట్టినపుడు ఏర్పడు పదార్థము మూల ఇనుముకన్న రెండింతలకు మించిన చోటు ఆక్రమించును. మరల సందులు అతి సన్నని వగుటచే ఆ త్రుప్పు లోపల ఉబ్బి నట్టును మరింత పట్టివేయును. విశాఖ సముద్రతీరపు ఉప్పుగాలియు, కనుమలలోని వానకాలపు తేమయు త్రుప్పునకు మిక్కిలి అనుకూలములు.

చెవి ఏల విరుగునో ఇప్పుడు స్పష్టమగును. గాలి పీడనముతో పనిచేయు తుపాకివంటి పానాతో నట్టును హద్దు మీరి బిగింతురు. కొన్నాళ్లకు త్రుప్పు తోడగును. విప్పునపుడు ఆ రెంటిని జయించవలసిన బలమంతయు చెవి యొక్క సన్నని అంచులపై పడును. చెవి వంకరగా కూర్చున్నచో ఒక్క అంచే భారము మోసి పుటుక్కున విరుగును. నేరము చెవిది కాదు, బిగించిన చేతిది.

ఘర్షణను శత్రువుగా మాత్రమే చూడరాదు. టైడా స్టేషను మీదుగా పోవు కొత్తవలస–కిరండూలు రైలుమార్గము 1960లలో బైలడిల్లా ఇనుపరాతిని విశాఖ రేవునకు తెచ్చుటకై నిర్మింపబడినది. 58 సొరంగములు గల ఆ మార్గమున వేల టన్నుల బరువుతో దిగు గూడ్సుబండ్ల చక్రములకు నట్టులు లేవు. ఇరుసును చక్రపు రంధ్రముకన్న రవ్వంత పెద్దదిగా చేసి, పదుల టన్నుల బలముతో అదిమి దూర్చుదురు. ఘర్షణయే అక్కడ తాళము, ఘర్షణయే చీల.

చెవి విరిగినపుడు

మొదట చేయవలసినది తొందరపడకుండుట. ఏటవాలు రోడ్డుపై బండి జాకీ మీదినుండి జారినచో ప్రాణాపాయము. హ్యాండ్ బ్రేకు వేసి, తక్కిన చక్రములకు రాళ్లో చెక్కమొద్దులో అడ్డుపెట్టి, చక్రము నేలపై ఆనియుండగానే నట్టు సడలింపవలెను. తక్కిన నట్టులను ముందే తీసియున్నచో మరల పెట్టి బిగించుట మేలు. అప్పుడు భారమంతయు తాళపు నట్టు మీదనే పడదు.

అన్నిటికన్న సులభమైన మార్గము క్రొత్త చెవి. చెవిపైననో, దానితో వచ్చిన కాగితముపైననో ఒక సంఖ్య ఉండును. ఆ సంఖ్య నిచ్చినచో తయారీదారులు నకలు చెవి ఇత్తురు. ఆ సంఖ్యను ఇంటివద్ద వేరుగ వ్రాసి ఉంచుకొనుటకు కానియైనను ఖర్చు కాదు.

అది వీలుకానపుడు నట్టుకు క్రొత్త పట్టు కల్పింపవలెను. ముందుగా మట్టిని, త్రుప్పును తుడిచి, మరలలోనికి ఇంకు నూనెను వేసి కొంతసేపు ఆగవలెను. నూనె బ్రేకు భాగములపై పడరాదు. పిదప నట్టు తలకన్న రవ్వంత చిన్నదైన గట్టి ఉక్కు తొడుగును సుత్తితో కొట్టి దానిపై దిగవేయుదురు. తొడుగు అంచులు నట్టు లోహములోనికి దిగి పట్టుకొనును. సుత్తి దెబ్బల అదురుచే త్రుప్పు పొర పగులుట అదనపు లాభము. ఇదే పనికి లోపలివైపు ఎదురు మరలు కోసిన ప్రత్యేకపు తొడుగులు గూడ కలవు. విప్పుదిశలో త్రిప్పినకొలది అవి మరింత కరచుకొనును. తిరుగుడు కంటె గల నట్టుకైతే ముందుగా ఆ కంటెను చేణముతో పగులగొట్టి తీయవలెను.

త్రిప్పుటకు పొడవైన పిడి వాడవలెను. 25 సెంటీమీటర్ల పిడితో చేయు బలమునకు 75 సెంటీమీటర్ల పిడితో మూడింతలు ఫలము కలుగునని తులాదండ సూత్రము చెప్పుచున్నది. కుదుపక నిలుకడగా లాగవలెను. కొన్ని పాత లారీలలో ఎడమవైపు చక్రములకు ఎడమ మరలుండును. దిక్కు ఎరుగక లాగినవాడు విప్పుచున్నాననుకొని బిగించును.

ఇవి విఫలమైనచో తక్కినవి కార్ఖానా పనులు. నట్టు తలకు మరియొక నట్టును వెల్డింగు చేసి త్రిప్పుట ఒకటి. గట్టి బరమాతో నట్టును తొలిచివేయుట మరియొకటి. తాళపు నట్టులను గట్టిపరచిన ఉక్కుతో చేయుదురు గనుక మామూలు బరమా మొన దానిపై జారిపోవును. ఈ పనులు దారిలో చేయదగినవి కావు.

వేడి చేయుటను గూర్చి ఒక హెచ్చరిక. మన కమ్మరులు బండిచక్రపు ఇనుప పట్టాను ఎర్రగ కాల్చి, వ్యాకోచించిన పట్టాను చక్రమునకు ఎక్కించి నీళ్లు పోయుదురు. నాలుగు మీటర్ల చుట్టుకొలత గల పట్టా 400 డిగ్రీలు వేడెక్కినచో దాదాపు 19 మిల్లీమీటర్లు సాగును. ఆ సూత్రముతోనే బిగిసిన నట్టును కాచి వదులు చేయుట అనేకచోట్ల వాడుక. కాని టైరు గల చక్రమునకు మంట పెట్టరాదు. వేడికి రబ్బరు విచ్ఛిన్నమై మండు వాయువులు లోపల పుట్టి టైరు పేలవచ్చును. పైగా అల్యూమినియము ఉక్కుకన్న ఇంచుమించు రెండింతలు వ్యాకోచించును గనుక చక్రము వేడెక్కినచో నట్టు సడలుటకు మారుగ బిగియవచ్చును.

తరగతిలో ఒక పరీక్ష

ఉపాధ్యాయులు దీనిని సులభముగ చూపవచ్చును. ఒకే కొలత గల మూడు బోల్టులను, నట్టులను తీసికొనుడు. ఒకటి పొడిగ, ఒకటి నూనెతో, ఒకటి ఉప్పునీట వారము నానబెట్టి త్రుప్పు పట్టించి సిద్ధపరచుడు. పానా చివర స్ప్రింగు త్రాసు తగిలించి, మూడింటిని ఒకే బలముతో బిగించి, విప్పుటకు ఎంత బలము కావలెనో వ్రాసికొనుడు. పానా పొడవుతో హెచ్చించినచో బలభ్రామకము వచ్చును. ఒకే బలముతో బిగించినను నూనె వేసిన బోల్టు ఎక్కువ సాగును. చక్రపు బోల్టులకు నూనె పూసి బిగింపరాదనుటకు కారణమదియే.

కడచీల అందరిది. విట్‌వర్తు మర అందరిది. తాళపు నట్టు ఒక్కరిది. ఒక్కరిదైన దానిని కాపాడు భారము గూడ ఆ ఒక్కరిదే. అందుచేత ఘాటురోడ్డున బయలుదేరువారు స్టెప్నీలో గాలి చూచుకొనునట్లే, తాళపు చెవి చెక్కుచెదరక ఉన్నదా, నట్టు ఇంటివద్దనే ఒకసారి సులభముగ విడివచ్చుచున్నదా యని చూచుకొనవలెను. విడిచి తిరిగి బిగించునపుడు తుపాకి పానాను ప్రక్కనబెట్టి, చేతి పానాతో చెప్పిన కొలతకు బిగింపవలెను. అట్టి జాగ్రత్త లేనివారు మామూలు నట్టులతోనే కొండ ఎక్కుట మంచిది. టైడా మలుపులో ఆగిన లారీ డ్రైవరు పానా అప్పుడు వారికి పనికివచ్చును.